ఒకటిన్నర రోజు బడి, ముప్పై అయిదు నవలలు

1930ల మొదట్లో బొంబాయి వీధుల్లో ఒక కుర్రాడు నెత్తిన మూట పెట్టుకుని నడుస్తూ, గోడల మీది సినిమా పోస్టర్ల దగ్గర ఆగిపోయేవాడు. బొమ్మ చూడ్డానికి కాదు, బొమ్మ కింద ఉన్న అక్షరాల కోసం. దుకాణాల బోర్డులు, పోస్టర్లు, దారిలో కనిపించిన రాత ఏదైనా సరే, ఆ పిల్లవాడికి అదే పలక. అలా కూడబలుక్కుని చదవడం నేర్చిన ఆ కుర్రాడు తర్వాత మరాఠీలో ముప్పై అయిదు నవలలు రాశాడు. అసలు పేరు తుకారాం భావురావ్ సాఠే. మహారాష్ట్ర వాడల్లో, చాళ్లలో, మిల్లు గేట్ల దగ్గర అందరూ పిలిచిన పేరు అన్నాభావు సాఠే.

ఈయన గురించి ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మన యూనివర్సిటీ హాస్టళ్లలో నవల మొదలుపెట్టి ఆపేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. మా అమ్మమ్మ ఊరి కథ నలభై పేజీలు దాటాక ఆగింది. గ్రూప్స్ నోటిఫికేషన్ పడింది, ఆ తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఇంకేదో. కవిత ఒక రాత్రిలో అయిపోతుంది. కథ ఒక వారం. నవల అలా కాదు, అది నెలల తరబడి మనిషిని పట్టుకుని కూర్చోబెట్టాలి. దానికి సమయం కావాలి, గది కావాలి, తిండికి లోటుండకూడదు అంటాం. ఈ మూడూ లేనివాడు ముప్పై అయిదు సార్లు ఆ పని ఎలా పూర్తి చేశాడన్నదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం.

అన్నాభావు 1920 ఆగస్టు 1న సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో పుట్టాడు. వారణా నది పారే ప్రాంతం అది. కులం మాంగ్, మాతంగ్ అని కూడా అంటారు. మన షెడ్యూల్డ్ కులాల జాబితాలో కూడా మాంగ్, మాతంగి అనే పేర్లు కనిపిస్తాయి. తాళ్లు పేనడం, ఊరి పండగలకీ పెళ్లిళ్లకీ వాయిద్యం కొట్టడం వాళ్లకు అప్పగించిన పని. ఊరి పండగ వాళ్ల డప్పు లేనిదే కదలదు, కానీ వాళ్ల ఇళ్లు మాత్రం ఊరి బయటే. ఇది మనకు కొత్తగా చెప్పక్కర్లేని సంగతి.

కొత్తగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని సమాజాలను మొత్తంగా, పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టిన చట్టం. మహారాష్ట్రలో మాంగ్ వాడలు కూడా దాని కిందికి వచ్చాయి. మగవాళ్లు రోజూ వెళ్లి హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. స్టువర్టుపురం పేరు విన్న తెలుగువాళ్లకు ఈ చట్టం ఏమిటో, అది ఒక పిల్లవాడి నెత్తిన ఏం రాస్తుందో వివరించనక్కర్లేదు. స్వతంత్రం వచ్చిన అయిదేళ్లకు, 1952లో గానీ దాని పట్టు వదల్లేదు.

అలాంటి వాడలోని పిల్లవాడు బడికి వెళ్లాడు. ఒకటిన్నర రోజు. అంతే. అక్కడి వివక్ష భరించలేక వచ్చేశాడని చెబుతారు. ఆయన జీవితం గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఈ ఒకటిన్నర రోజు సంగతి వస్తుంది, చప్పట్లు కూడా పడతాయి. నాకు ఆ చప్పట్ల మీద కొంచెం అభ్యంతరం. చదువు లేకపోవడం ఆయన గొప్పతనం కాదు, ఆయనకు జరిగిన అన్యాయం. ఆ అన్యాయాన్ని దాటడానికి ఆయన ఖర్చు పెట్టిన సంవత్సరాలు వేరే లెక్కలో రావాలి.

తండ్రి బొంబాయిలో పనిచేసేవాడు. వాటేగావ్‌లో బతుకు సాగక కుటుంబం అంతా బొంబాయి దారి పట్టింది. రైలు టికెట్టుకు డబ్బు లేదు. మూడు వందల కిలోమీటర్లకు పైగా నడక. దారిలో ఎక్కడ పని దొరికితే అక్కడ ఆగి, కూలి చేసి, తిని, మళ్లీ నడక. అప్పటికి అన్నాభావు వయసు పదకొండో పన్నెండో. నగరంలో చేయని పని లేదు. మూటలు మోశాడు, బట్టలు అమ్మేవాడి వెంట తిరిగాడు, హోటల్లో చేశాడు, ఇళ్లలో చేశాడు, చివరికి బట్టల మిల్లులో చేరాడు. తర్వాత ఆయన కథల్లో కనిపించే మనుషులంతా ఈ దారిలో కలిసినవాళ్లే.

మాటుంగా లేబర్ క్యాంప్ ఆయన జీవితంలో మలుపు. దళిత కార్మికులు ఎక్కువగా ఉండే బస్తీ అది. మహాడ్ పోరాటంలో బాబాసాహెబ్‌తో నడిచి, తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చిన ఆర్.బి. మోరే లాంటి వాళ్లు తిరిగిన చోటు. అన్నాభావు అక్కడ జెండాలు కట్టాడు, సభలకు చాపలు పరిచాడు, పాటలు పాడాడు, చదివాడు. రష్యన్ రచయిత గోర్కీ అక్కడే ఆయన చేతికి అందాడు. బడిలో ఎక్కువ చదవనివాడు, కూలి చేసినవాడు, దేశం కాలినడకన తిరిగినవాడు, అయినా రచయిత అయినవాడు గోర్కీ. ఈ పోలిక అన్నాభావుకు ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. నీలాంటివాడు ఒకడు ముందే రాశాడని తెలియడం చిన్న సంగతి కాదు. మన పిల్లల్లో ఎంతోమందికి ఆ ఒక్కటే దొరకదు.

ఆయన మొదట కట్టిన పాట దేని మీదో తెలుసా? దోమల మీద. లేబర్ క్యాంప్‌లో జనాన్ని పీక్కుతింటున్న దోమల మీద. ఇది విని నవ్వినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆయన రాత మొత్తానికి ఇదే తలుపు అనిపిస్తుంది. ప్రేరణ కోసం ఆయన హిమాలయాల వైపు చూడలేదు, చెవి దగ్గర గుయ్‌మంటున్న దాన్ని విన్నాడు. వినేవాళ్లందరినీ రాత్రి ఆ దోమలే కుట్టాయి కాబట్టి పాట వెంటనే జనం నోట్లోకి పోయింది.

తర్వాత పోవాడాలు వచ్చాయి. మన బుర్రకథ లాగా, డప్పు మీద వీరగాథ చెప్పే మరాఠీ ప్రక్రియ పోవాడా. శివాజీ కథలు చెప్పడానికి వాడిన ఆ రూపంలో అన్నాభావు స్టాలిన్‌గ్రాడ్ యుద్ధాన్ని చెప్పాడు, 1943 బెంగాల్ కరువును చెప్పాడు, అమల్నేర్ మిల్లు కార్మికుల మీద జరిగిన కాల్పులను చెప్పాడు. మన తెలంగాణ పోరాటం మీద కూడా పోవాడా కట్టాడు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో జరుగుతున్న యుద్ధాన్ని బొంబాయి మిల్లు కార్మికులకు మరాఠీలో వినిపించిన గొంతుల్లో ఒక మాంగ్ గొంతు ఉందన్న సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు? నాజర్ బుర్రకథ గురించి గర్వంగా చెప్పుకునే మనం ఈయన పేరు కూడా ఆ పక్కన చేర్చుకోవచ్చు.

1944లో అమర్ షేక్, దత్తా గవాణ్‌కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథక్ పెట్టాడు. ఎర్రజెండా కళాజట్టు అన్నమాట. ఒకరు ముస్లిం ఇంటి నుంచి వచ్చిన గాయకుడు, ఒకరు మాంగ్ వాడ నుంచి వచ్చిన కవి. ఊరూరా తిరిగారు. తమాషా అనే జానపద నాటకాన్ని అప్పటిదాకా పెద్దమనుషులు బూతు ఆట అని తీసిపారేసేవాళ్లు. ఆడేవాళ్లలో ఎక్కువమంది మహార్, మాంగ్, కొల్హాటి కులాలవాళ్లు. దేవుడి స్తోత్రంతో మొదలయ్యే ఆ ఆటను అన్నాభావు దేశానికీ కష్టజీవులకీ మొక్కి మొదలుపెట్టాడు. వడ్డీ వ్యాపారిని, దొంగ దేశభక్తుడిని, నల్లబజారు సేటును వేదిక మీదికి ఎక్కించి జనం చేత నవ్వించాడు. 1940ల చివర్లో బొంబాయి ప్రభుత్వం ఈ ప్రదర్శనలకు అడ్డుపడింది. తమాషాను ఆపితే దానికి లోకనాట్యం అని పేరు మార్చి ఆడారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. నవల రాయడానికి ఈ ఆటపాటలు ఆయనకు ఏం ఇచ్చాయి?

పాట కట్టినవాడికి వినేవాడు ఎదురుగా ఉంటాడు. పదివేలమంది మధ్యలో ఒక చరణం బాగాలేకపోతే అప్పటికప్పుడు తెలిసిపోతుంది, జనం బీడీ వెలిగిస్తారు, పక్కవాడితో మాట్లాడతారు. అన్నాభావు పదిహేనేళ్లు ఈ పరీక్ష రాశాడు. ఆయన నవలలు తెరిస్తే మొదటి పేజీలోనే గుర్రం పరిగెడుతుంటుంది, లేదా కత్తి లేస్తుంది, లేదా ఒక ఆడమనిషి ఊరి పెద్దకు ఎదురు నిలబడుతుంది. వర్ణనతో పాఠకుణ్ని జోకొట్టే ఓపిక ఆయనకు లేదు. రాస్తున్నప్పుడు కూడా ఆయన ముందు జనం కూర్చునే ఉన్నారనిపిస్తుంది. గదిలో ఒంటరిగా రాసే మనకు లేనిది అదే. మనం ఎవరికి చెబుతున్నామో తెలియక మధ్యలో ఆగిపోతాం. ఆయన తను ఎవరికి చెబుతున్నాడో మర్చిపోయే అవకాశమే లేదు, వాళ్లు పక్క గుడిసెలోనే ఉన్నారు.

గుడిసె అంటే మాటవరసకు అనడం లేదు. ఘాట్కోపర్‌లో చిరాగ్‌నగర్ మురికివాడ. ఆయన పుస్తకాల్లో ఎక్కువ భాగం రాసింది అక్కడే. ఆ వాడ పేరుతోనే ఒక కథల సంపుటి కూడా వచ్చింది, చిరాగ్‌నగర్ దయ్యాలు అని అర్థం వచ్చే పేరుతో. అక్కడ నీళ్ల కోసం వరస, గొడవలు, సారా, పోలీసులు, వాన వస్తే ఇంట్లోకి నీరు. నిశ్శబ్దం ఉంటే రాస్తాను అనుకునేవాడికి ఆ వాడలో ఒక్క పేజీ కూడా దొరకదు.

ఆ వాడల బతుకు ఎలాంటిదో ఆయన కథ ఒకటి చెబుతుంది. శ్మశానంలోని బంగారం అని పేరు. క్వారీ మూతపడి పని పోయిన భీమా అనే బలశాలి, కొత్తగా పూడ్చిన శవాలను తవ్వి వాటి మీద మిగిలిన గోరంత బంగారం అమ్మి పెళ్లాం బిడ్డలను పోషిస్తుంటాడు. ఒక రాత్రి నక్కలతో కలబడి, చివరికి శవం పళ్ల మధ్య చేతివేళ్లు ఇరుక్కుని పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత క్వారీ మళ్లీ తెరిచారని కబురు వస్తుంది. రాళ్లు కొట్టే చేతికి ఇప్పుడు వేళ్లు లేవు. కథ అయిపోయాక కాసేపు మాట రాదు. ఇలాంటి కథ కల్పించడానికి ఊహ ఒక్కటే చాలదు, పని పోయిన ఇంట్లో రాత్రి ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి.

ఇక ఫకీరా. 1959లో వచ్చిన ఈ నవలే అన్నాభావు అనగానే అందరూ చెప్పే పేరు. ఇది రాయడం వెనక ఒక పాత బాకీ ఉంది.

ఫకీరా కల్పిత పాత్ర కాదు. వారణా లోయలో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన మాంగ్ వీరుడు. అన్నాభావు కుటుంబానికి తల్లి వైపు బంధువని అంటారు. అన్నాభావు పుట్టిన రోజుల్లో ఫకీరా సర్కారు ఖజానా కొల్లగొట్టి వాటేగావ్ మీదుగా వెళ్తూ, బాలింత ఖర్చులకని రెండు దోసిళ్ల వెండి రూపాయలు పోసి వెళ్లాడని ఆ ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఈ కథ వింటూ పెరిగిన పిల్లవాడి సంగతి ఆలోచించండి. తన నోట్లో పడిన మొదటి పాలచుక్క వెనక ఒక దొంగ పోసిన డబ్బు ఉంది. సర్కారు లెక్కలో అతను దొంగ, చట్టం లెక్కలో పుట్టుకతోనే నేరస్థుడు. వాడ లెక్కలో ఆకలి తీర్చినవాడు. ఈ రెండు లెక్కల్లో ఏది నిజమో తేల్చాల్సిన పని ఆ పిల్లవాడి మీద పడింది. అది తేల్చడానికి ఆయనకు దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

నవల ఫకీరా తండ్రి రాణోజీతో మొదలవుతుంది. పక్క ఊరి జాతర చిహ్నమైన జోగిణిని తెచ్చుకుంటే ఆ జాతర తమ ఊరిదవుతుంది. (మన దగ్గరి జోగిని దురాచారంతో దీనికి సంబంధం లేదు, ఇక్కడ అది ఒక పవిత్ర వస్తువు.) ఊరి గౌరవం కోసం రాణోజీ దాన్ని తెస్తాడు, ఆ ప్రయత్నంలోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. ఊరి బయట బతికేవాడు ఊరి పరువు కోసం చచ్చిపోయాడు. ఈ ఒక్క ఘటనలో మన గ్రామాల వ్యవస్థ మొత్తం ఉంది. కొడుకు ఫకీరా పెరిగాక తండ్రిని చంపినవాడు చేతికి చిక్కుతాడు. ఫకీరా వాడి ప్రాణం తీయడు. ఆ తర్వాత కరువు, అంటురోగం. ఆకలికి జనం చస్తుంటే ఫకీరా ధాన్యం కొల్లగొట్టి పంచుతాడు, తర్వాత ఖజానా మీద పడతాడు. పట్టుకోలేని సర్కారు వాడల్లోని ముసలీ ముతకా, పిల్లా తల్లీని పట్టుకుని నిర్బంధిస్తుంది. తనవాళ్ల కోసం ఫకీరా తనంతట తనే వచ్చి లొంగిపోతాడు.

ఈ నవలలో ఊళ్లో అందరూ చెడ్డవాళ్లు కారు. మాంగ్ వాడకు అండగా నిలిచే పాటిల్ ఉన్నాడు, కరువులో జనం వైపు మాట్లాడే బ్రాహ్మణుడు ఉన్నాడు. దీన్ని ఇష్టపడని మిత్రులున్నారు, అంత మంచి పటేళ్లు ఎక్కడున్నారని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ అన్నాభావు ఆ పాత్రలను దయ చూపించేవాళ్లుగా పెట్టి కథను వాళ్ల చేతిలో పెట్టలేదు. కథను నడిపేది ఫకీరా. మన భాషలో దళితుల గురించి వచ్చిన మొదటి పెద్ద నవల మాలపల్లి. ఉన్నవ లక్ష్మీనారాయణ దాన్ని రాయవెల్లూరు జైల్లో రాశాడు, ప్రభుత్వం నిషేధించింది, ఆ సాహసానికి నమస్కారం పెట్టాల్సిందే. అయినా రామదాసు కుటుంబాన్ని బయటినుంచి ప్రేమగా చూసిన చూపుకీ, రెండు దోసిళ్ల రూపాయలు తిన్నవాడు తన మేనమామ లాంటివాడి గురించి రాసిన రాతకీ తేడా ఉంటుంది. ఫకీరా ఓడిపోయినప్పుడు కూడా జాలి అడగడు.

ఫకీరాను అన్నాభావు అంకితమిచ్చింది బాబాసాహెబ్ అంబేడ్కర్ కలానికి. మనిషికి అని కాకుండా ఆయన పోరాడిన కలానికి ఇవ్వడం గమనించాలి. అప్పటికి బాబాసాహెబ్ పోయి మూడేళ్లు. నవలకు ముందుమాట రాసింది వి.ఎస్. ఖాండేకర్, అప్పటికే మరాఠీలో మహా పేరున్న నవలాకారుడు.

ఈ అంకితం మీద ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. అన్నాభావు ఎర్రజెండా మనిషా, నీలిజెండా మనిషా? కమ్యూనిస్టులు ఆయన పాటలు పాడించుకున్నారు కానీ సాహిత్య చరిత్రలో ఆయనకు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని ఒకరు. ఆయన ఎక్కువ కాలం పార్టీతోనే ఉన్నాడు కదా అని ఇంకొకరు. ఆయన రాసిన దాన్నే చూస్తే ఈ గొడవ కొంత సర్దుకుంటుంది. మిల్లు గేటు దగ్గర ఆయన కార్మికుడు, వాడలో మాంగ్. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి. 1958 మార్చిలో బొంబాయిలో జరిగిన మొదటి దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభించింది ఆయనే. భూమి ఆదిశేషుడి పడగ మీద నిలబడిందన్న పురాణాన్ని పక్కకు తోసి, అది నిలబడింది దళితుల, కష్టజీవుల అరచేతుల మీద అని ఆ వేదిక మీద చెప్పాడు. దళిత పాంథర్లు రావడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. ఫకీరా వచ్చింది ఆ మాట చెప్పిన మరుసటి ఏడే. సభలో చెప్పిన దాన్ని పుస్తకంలో నిలబెట్టి చూపాడన్నమాట. చాలామంది రచయితలకు సభలో మాట్లాడేసరికి రాయాలన్న వేడి చల్లారిపోతుంది. ఈయనకు అది ఇంకా రాజుకుంది.

అన్ని నవలలూ ఫకీరా అంత బాగుంటాయని చెబితే అబద్ధమవుతుంది. ముప్పై అయిదింటిలో కొన్ని గబగబా రాసినట్టు తెలిసిపోతుంది. దుర్మార్గుడు మరీ దుర్మార్గుడు, నాయిక మరీ ధైర్యవంతురాలు, చివర్లో సినిమా ఫక్కీ పోరాటం. ఆయన నవలల్లో చాలావాటిని సినిమావాళ్లు తీసుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. రాతే ఆయనకు కూడు. పుస్తకం పూర్తయితేనే నాలుగు డబ్బులు వస్తాయి, అవి కూడా అంతంత మాత్రమే. ప్రేరణ అంటే గాలిలోంచి దిగేది అనుకునేవాళ్లకు ఈ సంగతి రుచించదు. పొయ్యి వెలగాలి కాబట్టి కూడా ఆయన రాశాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కుమ్మరి కుండ చేసేదీ, మాదిగ చెప్పు కుట్టేదీ అందుకేగా. పనితనం తగ్గిన కుండలు కొన్ని ఉంటాయి. అన్నీ అద్భుతంగా ఉంటేనే రాస్తానని కూర్చుంటే ఫకీరా కూడా వచ్చేది కాదు.

ఆయన ఆడవాళ్ల గురించి రాసిన తీరు ప్రత్యేకంగా చెప్పాలి. చిత్రా, వైజయంతా లాంటి నవలల పేర్లే ఆడవాళ్ల పేర్లు. బతుకు తెరువు కోసం నగరానికి చేరి వంచనకు గురైన అమ్మాయిలు, తమాషాలో ఆడే స్త్రీలు, వాళ్ల కళను మెచ్చి వాళ్ల మానాన్ని వేలం వేసే మగవాళ్లు ఆయనకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ వేదికల మీదే ఆయన పెరిగాడు. ఆ స్త్రీలను ఆయన చెడిపోయినవాళ్లుగా చూడలేదు. తమ ఒంటి మీద హక్కు తమదే అని నిలబడే మనుషులుగా చూశాడు. 1950లలో ఏ భాషలో చూసినా ఇది మామూలు విషయం కాదు.

సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ఆయన కట్టిన పాట ఒకటి ఇప్పటికీ మరాఠీవాళ్ల నోళ్లలో ఉంది. ఊళ్లో వదిలేసి వచ్చిన ప్రియురాలి కోసం నగరంలో కూలివాడు పడే దిగులులా మొదలై, రాష్ట్రంలో కలవకుండా మిగిలిపోయిన మరాఠీ ప్రాంతాల దిగులుగా మారుతుంది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. మరుసటి ఏడాది, 1961లో, ఆ రాష్ట్ర ప్రభుత్వం ఫకీరాకు ఉత్తమ నవల బహుమతి ఇచ్చింది. ఆ ఏడే రష్యా వెళ్లొచ్చాడు. గోర్కీ దేశాన్ని కళ్లారా చూశాడు, తిరిగొచ్చి ఆ ప్రయాణం మీద పుస్తకం రాశాడు. దళిత రచయిత రాసిన విదేశీ యాత్రా రచనల్లో తొలి వాటిలో అదొకటి. ఫకీరా సినిమా కూడా వచ్చింది.

బహుమతి వచ్చింది, రష్యా చూశాడు, సినిమా వచ్చింది. చిరునామా మాత్రం చిరాగ్‌నగరే. విమానం దిగి వచ్చిన మనిషి మళ్లీ అదే సందులోకి నడిచి, అదే చోట కూర్చుని తర్వాతి నవల మొదలుపెట్టాడు. పేరు వచ్చాక రాయడం, పేరు రాకముందు రాయడం కంటే కష్టమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అన్నాభావు విషయంలో పేరు వచ్చినా జీవితం మారలేదు కాబట్టి రాసే కారణాలు కూడా మారలేదు. దీన్ని మనం గొప్పగా చెప్పుకోకూడదు. ఒక రాష్ట్రం తన బహుమతి పొందిన రచయితను ఆ వాడలో అలాగే వదిలేసిందన్నది ఆ రాష్ట్రానికే మచ్చ.

ప్రధాన స్రవంతి విమర్శకులు ఆయన్ని చాలాకాలం లోకకవిగానే, అంటే జనాన్ని ఊపే పాటలవాడిగానే చూశారు. నవలాకారుల లెక్కలో చేర్చడానికి వాళ్లకు చేతులు రాలేదు. మరాఠీ విశ్వవిద్యాలయాల్లో ఆయన మీద పరిశోధనలు పెరిగింది ఆయన పోయాక, మాతంగ్ యువతరం చదువుకుని ఆయన్ని తలకెత్తుకున్నాక. ఇప్పుడు ఆగస్టు 1 వస్తే మహారాష్ట్రలోని వాడవాడలా ఆయన బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఫ్లెక్సీ పెట్టిన ప్రతివాడూ ఫకీరా చదివాడా అంటే అది వేరే సంగతి.

చివరి రోజుల్లో ఆరోగ్యం, డబ్బు రెండూ లేవు, మనుషులు కూడా దూరమయ్యారు. పోయే ముందు ఏడాది ప్రభుత్వం గోరేగావ్ సిద్ధార్థనగర్‌లో ఒక చిన్న ఇల్లు ఇచ్చింది. అక్కడికి మారాక ఎక్కువ కాలం బతకలేదు. 1969 జూలై 18న, నలభై తొమ్మిదేళ్లు నిండడానికి రెండు వారాల ముందు కన్నుమూశాడు. అప్పటికి ముప్పై అయిదు నవలలు, పదిహేను దాకా కథా సంపుటాలు, లోకనాట్యాలు, పోవాడాలు, పాటలు.

2002 ఆగస్టు 1న తపాలా శాఖ ఆయన పేరు మీద నాలుగు రూపాయల బిళ్ల వేసింది. 2022లో మాస్కోలో ఆయన విగ్రహం పెట్టారు. వాటేగావ్ నుంచి బొంబాయికి టికెట్టు కొనలేక నడిచిన కుటుంబంలోని పిల్లవాడు ఇప్పుడు ఆ దూర దేశపు గ్రంథాలయ ఆవరణలో నిలబడి ఉన్నాడు. ఫకీరా మాత్రం మరాఠీలో ముద్రణ మీద ముద్రణ పడుతూనే ఉంది, నాగపూర్ దీక్షాభూమి దగ్గర ధమ్మచక్ర రోజు నేల మీద పట్టా పరిచి అమ్మే పుస్తకాల మధ్య బాబాసాహెబ్ పుస్తకాల పక్కన దొరుకుతుంది.